బొమ్మల పెదవులు

మా బావమరిది ఒక బొమ్మల సీరియల్ పట్టుకుని మా అందరి ప్రాణాలూ తోడేస్తున్న రోజులవి.

"బావా, చూశావా?"

"లేదు."

"ఇంకా చూళ్లేదా?"

"నీలా పనీపాటా లేకుండా ఉన్నానట్రా?"

గేటు దగ్గర ఇదే గొడవ. టీ దగ్గర ఇదే. సాయంత్రం చేతులకంటిన నూనె కడుక్కునే కుళాయి దగ్గర కూడా ఇదే. మనిషికి నలభై దాటాయి, నెత్తి మీద జుట్టు సగం పోయింది, చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది. అలాంటివాడు కార్టూను గురించి చెబుతుంటే కళ్లు ఇంతింతయ్యేవి. వాడు మా ఆవిడ తమ్ముడు. మరమగ్గాల షెడ్డులోకి వాణ్ణి తీసుకొచ్చింది నేనే. నేను నేతగాడిగా చేరి నేతగాడిగానే ఉండిపోయాను. వాడు పది దాకా చదివాడు కాబట్టి మగ్గాలు బాగుచేసే మెకానిక్ అయ్యాడు. మేనేజరు వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడతాడు. నేను ఆరో తరగతిలో బడి మానేశాను. నన్ను పిలవాలంటే మేనేజరుకు ఒక వేలు చాలు.

ఆ సీరియల్ పేరు 'పొగమంచు రేవు'. నిరుడు కాలు విరిగి మంచాన పడ్డప్పుడు వాడికి అది దొరికింది. కాలు విరగడం కూడా షెడ్డులోనే. ఒకరోజు పొద్దున్నే, మగ్గాలు ఇంకా మొదలుపెట్టకముందు, వాడు ఒక మగ్గం కిందికి దూరి బోల్టు బిగిస్తున్నాడు. ఆ మగ్గం నేతగాడు వచ్చి స్విచ్చి మీద చెయ్యి వేశాడు. వీడు కిందినుంచి కేక పెట్టాడు. అప్పుడు షెడ్డంతా నిశ్శబ్దంగా ఉంది, గేటు దగ్గర కునుకు తీస్తున్న వాచ్‌మన్ కూడా ఉలిక్కిపడి లేచాడు. పక్కనే నిలబడ్డ ఆ మనిషికి మాత్రం వినపడలేదు, స్విచ్చి నొక్కేశాడు. చెవులు ఎప్పుడో పోయాయట, ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడట. మర్నాడే అతన్ని పంపేశారు.

"ఆ మంచం మీద నన్ను బతికించింది ఆ సీరియలే బావా" అనేవాడు మా వాడు. "మందులు కాదు. మా అక్క చేసి పంపిన జావ కూడా కాదు."

"ఆ మాట దాని ముందు అను. రెండో కాలు కూడా విరుగుతుంది."

టీ దగ్గర మేం నలుగురం కూర్చునేవాళ్లం. నేను, వాడు, పొడుగాయన, కండెలక్క. పొడుగాయన మా అందరికంటే పాత నేతగాడు, రెండు అడుగులు వేస్తే గుమ్మానికి తల తగిలే మనిషి. కండెలక్క పక్క గదిలో కండెలకు నూలు చుట్టే ఆడవాళ్ల మీద పెద్ద. ఆవిడ నోటికి మేనేజరు కూడా దారి ఇచ్చేవాడు.

"పిల్లల బొమ్మలు చూడటానికి మాకింకా పాలపళ్లు ఊడలేదా ఏంటయ్యా?" అంది మొదట్లో ఆవిడే. పది రోజులు తిరక్కుండా అదే ఆవిడ, "నిన్న ఆ వలల రాకాసి వచ్చినప్పుడు నేను దుప్పటి కప్పేసుకున్నాను" అంటూ వచ్చింది. పొడుగాయన కూడా చూడటం మొదలుపెట్టాడు. ఇక మిగిలింది నేను.

నేనెందుకు చూడలేదో చెప్పాలి. మా షెడ్డులో నోటితో మాట్లాడే మాటలుండవు. మగ్గాలు తిరుగుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వాడికి గాలి తప్ప ఏమీ తెలియదు. అందుకని అందరం పెదవులతో మాట్లాడుకుంటాం. గొంతు వాడం. ప్రతి మాటకూ పెదవులు పెద్దగా, విడివిడిగా కదిలిస్తాం, అవసరమైతే చేత్తో ఓ గుర్తు. రెండు వరుసల అవతల ఉన్నవాడితో కూడా ఇంట్లో గొడవలన్నీ చెప్పుకోవచ్చు. కొత్తగా చేరినవాళ్లకు ఏడాది పడుతుంది, ఆ తర్వాత అదే అలవాటైపోయి పెళ్లాం ముందు కూడా మూగవాళ్లలా నోరు ఆడిస్తుంటారు.

అలా ఉండబట్టే నా చెవులు పోయిన సంగతి ఎవరికీ తెలియలేదు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో లావు శబ్దాలు కొన్ని పడతాయి. సన్నవి అసలు పడవు. పిట్ట కూత విని ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. షెడ్డు లోపల అందరూ చెవిటివాళ్లే కాబట్టి అక్కడ నేను ఎవరికీ తీసిపోను. మగ్గం మీద అరచెయ్యి పెడితే దాని దెబ్బలో తేడా తెలిసిపోయేది, ఎక్కడో పోగు తెగిందని. బయటికి వచ్చాక ఎదుటివాడి పెదవులు చూసి లాక్కొచ్చేవాణ్ణి. తెలిసింది మా ఆవిడకు ఒక్కదానికే.

"మా తమ్ముడికైనా చెప్పండి" అనేది.

"చెప్పి? వాడు మేనేజరు మనిషి."

"వాడు మీ మనిషి కూడా."

"రెండు కుర్చీల్లో కూర్చునేవాడికి ఏదో ఒకరోజు ఒక కుర్చీ లాగేస్తారే."

అప్పటికే కబురు వచ్చింది. పాత మగ్గాలు తూకానికి అమ్మేస్తున్నారు. వెనక కట్టిన కొత్త షెడ్డులోకి కొత్త మగ్గాలు దిగాయి. వాటికి పోగును అటూ ఇటూ లాక్కెళ్లే నాడె ఉండదు, గాలితో పోగు విసురుతాయి. మోత తక్కువ. పోగు తెగితే వాటంతటవే ఆగి సన్నగా ఒక కూత పెడతాయి. మనిషి వెళ్లి ముడి వేస్తాడు. మళ్లీ తిరగబోయే ముందు ఇంకో కూత, చెయ్యి తీసెయ్యమని. దీపం కూడా వెలుగుతుంది గానీ మగ్గాలు మనిషెత్తు, వెనక వరుసలో దీపం ముందు వరుసలో ఉన్నవాడికి కనపడదు. ఒక్కో మనిషికి ఎనిమిది మగ్గాలు. కాబట్టి చెవి ఉన్నవాడే కావాలి. కూత వినిపించి పరీక్ష పెడతారట. పనికొచ్చేవాళ్లెవరో మెకానిక్ చెబుతాడట. మెకానిక్ అంటే మా వాడు.

నాకు యాభై దాటాయి. మగ్గం తప్ప ఇంకేం తెలుసని? పన్నెండేళ్లకు షెడ్డులోకి వచ్చినవాణ్ణి, నాకు లోకమంటే ఆ గోడల మధ్య ఉన్నదే. అక్కడినుంచి తీసేస్తే నేను ఎవణ్ణి?

అందుకే ఆ సీరియల్ చూడాలని నిర్ణయించుకున్నాను. కథ మీద మోజుతో కాదు. ముగ్గురూ దాని గురించే మాట్లాడుకుంటుంటే నేనొక్కణ్ణే మాటలేకుండా కూర్చుంటున్నాను. అలా కూర్చున్నవాడి వైపు జనం ఒకసారి పరీక్షగా చూస్తారు. ఆ చూపు నాకు అప్పుడు పనికిరాదు.

"ఇవాళ్టినుంచి చూస్తాన్రా" అన్నాను.

వాడు పానా కింద పడేసి నన్ను పట్టుకున్నంత పని చేశాడు. "రెండో భాగం దాకా ఓపిక పట్టు బావా. అక్కడినుంచి అదే పట్టుకుంటుంది."

ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాను. మొదటి భాగం సగం గడిచేసరికి నా తప్పు తెలిసొచ్చింది. వార్తలు చదివేవాడి పెదవులు నాకు చదువుకున్నవాడికి అక్షరాల్లాగ కనపడతాయి. సినిమాలో మనిషి ఇటు తిరిగి ఉంటే సగం అర్థమవుతుంది. ఇవి బొమ్మలు. బొమ్మల నోళ్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి, అంతే. 'పడవ' అన్నా 'ఇల్లు' అన్నా ఒకటే నోరు. గీసినవాడికి ఏం తెలుసు, ఆ నోళ్లు చూసి బతికేవాడు ఒకడు ఉంటాడని? శబ్దం పెంచితే పక్కింటివాళ్లు గోడ కొడతారు. మా ఆవిడ కాసేపు పక్కన కూర్చుని చెప్పింది గానీ, పొద్దంతా పనిచేసి వచ్చిన మనిషి, కూర్చున్న చోటే నిద్రపోయింది.

సరే, కళ్లతోనే చూశాను.

సముద్రం లేదు, సముద్రం ఉండాల్సిన చోట పొగమంచు ఉంది. దాని ఒడ్డున తెరచాపలు కుట్టుకునే ఒక పిల్ల. అన్న కాబోలు, ఒక కుర్రాడు ఆ మంచులోకి వెళ్లి తిరిగి రాలేదు. పిల్ల పడవేసుకుని బయల్దేరుతుంది. తోడు ఒక ఒంటికన్ను కొంగ. ఆ కొంగ పిల్లను వదలదు. పిల్ల నిద్రపోతే రెక్క కప్పుతుంది. వానలో పడవ అంచు మీద ఒంటికాలిపై నిలబడి తెల్లవార్లూ కాపలా కాస్తుంది. పిల్ల కోపంతో రాయి విసిరితే దెబ్బ తిని, మళ్లీ వచ్చి పక్కన నిలబడుతుంది. నాకు తెలిసిపోయింది. అది తల్లి. ఏదో శాపం తగిలి రూపం మారింది, పిల్లకు చెప్పుకోలేకపోతోంది. రాయి తిని కూడా పక్కన నిలబడేది తల్లి కాక ఇంకెవరు? మా అమ్మ అలా నిలబడ్డ మనిషి కాదు. నన్ను బడి మాన్పించి షెడ్డు గేటు దగ్గర వదిలేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అయినా నేను గుర్తుపట్టాను.

ఒప్పుకోవడానికేం, నాకు అది పిచ్చిగా నచ్చింది. సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి. నాలుగో భాగంలో ఒక గుహలోకి వెళ్లాక తెర చాలాసేపు నల్లగా ఉండిపోయింది. టీవీ పాడైందేమోనని వెళ్లి వెనకాల తీగలు కదిపాను కూడా.

"ఎంతదాకా వచ్చావు?" అన్నాడు మా వాడు మర్నాడు.

"గుహ దాటాను."

"గుహలో కొంగ చెప్పింది విని ఏమనిపించింది?"

"బాగుంది."

"బాగుందా! నాకు తిండి సహించలేదు బావా. నీ గుండె రాయిరా బాబూ... ఏమనుకోకు."

ఏమీ అనుకోలేదు. టీ చల్లారిందని అరిచి మాట మార్చాను.

పరీక్ష ముందురోజు సెలవు. చివరి భాగం అందరం కలిసి చూద్దామని వాడు తన గదికి పిలిచాడు. వాడి భార్య పుట్టింటికి వెళ్లింది. మధ్యాహ్నం మేం వెళ్లేసరికి టీవీ ఎదురుగా మూడు కుర్చీలు, ఒక స్టూలు వేసి, తలుపు దగ్గర మా చెప్పులు కూడా వాడే సర్ది పెట్టాడు. కొత్త పెళ్లికొడుకులా హడావుడి. గ్లాసుల్లో టీ పోసి ఇచ్చాడు.

"మొదలుపెట్టే ముందు ఒక మాట" అన్నాడు. "ఎవరికి ఎవరు నచ్చారో చెప్పండి."

"పరీక్ష రేపు కదయ్యా, ఇవాళే మొదలెట్టావా?" అంది కండెలక్క. "నాకు ఆ పిల్లే. ఎంత పొగరు! అచ్చం నేనే."

పొడుగాయన తీరిగ్గా గ్లాసు కింద పెట్టి, "వలల రాకాసి" అన్నాడు. "పాపం, వాడికి ఎవరూ లేరు."

అందరూ నావైపు తిరిగారు. చాలారోజులుగా మనసులో ఉన్నదే చెప్పాను. "నాకు కొంగ. కన్నతల్లి చూడు, రూపం మారిపోయినా పిల్లను వదల్లేదు."

గదిలో ఎవరి పెదవులూ కదల్లేదు. నాకు నిశ్శబ్దం అలాగే తెలుస్తుంది.

"తల్లేంటి?" అంది కండెలక్క. "ఆ కుర్రాణ్ణి మంచులోకి తీసుకెళ్లి వదిలేసి వచ్చింది ఆ కొంగే కదా? గుహలో చెప్పుకుని చెప్పుకుని ఏడ్చింది కదయ్యా! అది విన్నాకే కదా పిల్ల రాయి విసిరింది."

"అదేలే... నేననేది..." అన్నాను. ఏమనేదీ నాకే తెలియలేదు.

మా వాడు నన్నే చూస్తున్నాడు. కోపం లేదు, నవ్వు లేదు. మగ్గం ఎందుకు ఆగిందో వెతికేటప్పుడు చూస్తాడే, ఆ చూపు. తర్వాత టీ గ్లాసు మెల్లగా పైకెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తాగడం లేదు. గ్లాసు చాటున ఏదో అన్నాడు. కండెలక్క చటుక్కున నా చొక్కా వైపు చూసింది. పొడుగాయన మాత్రం కదల్లేదు, గోడ వైపే చూస్తున్నాడు.

ఏదో అడిగాడని అర్థమైంది. "ఆఁ, అవును" అన్నాను.

వాడు గ్లాసు దించాడు. వాడి మొహం చూసి నా కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు చెప్పేస్తాడు, వీళ్లందరి ముందూ. వాడు లేచి టీవీ పెట్టాడు. స్టూలు ఈడ్చుకెళ్లి టీవీ పక్కన వేసి, దానికి వీపు పెట్టి మావైపు తిరిగి కూర్చున్నాడు.

"ఏమయ్యా, సీరియల్ చూపిస్తానని నీ మొహం చూపిస్తావా?" అంది కండెలక్క. "మీ ఆవిడే చూడలేక పుట్టింటికి పోయింది."

బొమ్మ మొదలైంది. వాడి పెదవులు కదిలాయి. గొంతు లేకుండా, షెడ్డులో మాట్లాడినట్టు, పెద్దగా, విడివిడిగా. *పడవ కట్టెయ్యి. ఇక్కడినుంచి నడవాలి.* చూపుడువేలు పిల్ల వైపు చూపించాడు, అంటే ఆ మాట పిల్లది. మోచెయ్యి వంచి రెక్కలా ఆడించాడు, ఇది కొంగది. *నేను రాలేను. నన్ను ఇక్కడే వదిలెయ్యి.* ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎన్నిసార్లు చూశాడో, మాట మాటా గుర్తుంది. బొమ్మ నోరు తెరిచేసరికి వాడి నోరు తెరుచుకునేది.

కాసేపటికి పక్కకు చూస్తే, పొడుగాయన కూడా టీవీ వైపు చూడటం లేదు. కుర్చీలో ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మా వాడి పెదవులకేసి చూస్తున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు. వలల రాకాసికి ఎవరూ లేరన్నది ఆయన కూడా నాలాగే వినపడక కళ్లతో అల్లుకున్న కథేనని అప్పుడు నాకు అర్థమైంది.

కథ ఇలా ముగిసింది. అన్న దొరుకుతాడు గానీ చెల్లెల్ని గుర్తుపట్టడు. కొంగ క్షమించమని అడుగుతుంది. పిల్ల క్షమించను అంటుంది. అని, పడవలో దానికి చోటు ఇస్తుంది. మంచి కథే. నేను అంతకుముందు అల్లుకున్న కథ మాత్రం పడుగు తెగినట్టు మొత్తం జారిపోయింది. మా వాడు ఎంతో ప్రేమగా నా తల్లిని తీసుకెళ్లి దొంగను చేసి కూర్చోబెట్టాడు. ఏడవాలో వాడి చెంప పగలగొట్టాలో తెలియలేదు.

మిగతా ఇద్దరూ వెళ్లాక మెట్ల మీద నన్ను ఆపాడు.

"గ్లాసు చాటున ఏమన్నావురా?" అన్నాను.

"నీ చొక్కాకు నిప్పంటుకుంది బావా అన్నాను."

దానికే నేను అవునన్నది. నవ్వొచ్చింది. వాడికి రాలేదు.

"ఎన్నాళ్లయింది?" అన్నాడు.

"నీ కాలు విరగకముందునుంచే."

వాడు మెట్ల కమ్మీ పట్టుకుని కింద వీధిలోకి చూశాడు. నేను జీవితంలో ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆ రోజు అడిగాను. "రేపు చూసీచూడనట్టు ఉండరా. పాత మగ్గం అరచేత్తో నడిపాను. దీన్ని కూడా ఎలాగో నేర్చుకుంటాను. నన్ను షెడ్డులోంచి తీసెయ్యనివ్వకు."

పై అంతస్తునుంచి ఎవరో దిగుతున్నారు కాబోలు, వాడు గొంతు ఆపేసి పెదవులతోనే చెప్పాడు. *నావల్ల కాదు బావా. ఎనిమిది మగ్గాలు. ముడి వేస్తుంటే వెనక కూత వినపడకపోతే చెయ్యి లోపల ఉండిపోతుంది. ఆ రోజు నేను కేక పెట్టాను. ఆ నేతగాడు నాకు కనపడుతూనే ఉన్నాడు, నా కేక వినపడక స్విచ్చి నొక్కాడు. వాడి మొహం నాకింకా కలలోకి వస్తుంది.*

"నాకు వచ్చే కలల గురించి ఎవడైనా అడిగాడా?" అన్నాను గట్టిగా. దిగుతున్న మనిషి ఆగి మమ్మల్ని చూసి గోడవారగా తప్పుకుని వెళ్లాడు.

ఇంటికెళ్లి మా ఆవిడతో ఏమీ చెప్పలేదు. తమ్ముడు ఫోన్ చేశాడని ఆవిడే చెప్పింది. చెప్పి, నా పక్కన కూర్చుని చొక్కా గుండీలు కుట్టుకుంటూ ఉంది.

మర్నాడు కొత్త షెడ్డులో నిలబెట్టారు. మగ్గాలు తళతళ మెరుస్తున్నాయి, ఆసుపత్రిలో సామాన్లలాగా. ఒక్కొక్కరూ మగ్గాల మధ్యకు వెళ్లి అటు తిరిగి నిలబడాలి, వెనక కూత వినపడగానే చెయ్యెత్తాలి. మేనేజరు కుర్చీలో కూర్చున్నాడు. కూత మీట దగ్గర మా వాడు.

పొడుగాయన వంతు ముందు వచ్చింది. ఆయన కదల్లేదు. "నన్ను పరీక్షించే వయసు దాటిపోయింది బాబూ" అని మేనేజరుకు చెప్పి, సంచీ భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర తల వంచి వెళ్లిపోయాడు. కాస్త పౌరుషం ఉన్నవాళ్లు చేసే పని అది. నాకు పౌరుషం కంటే మగ్గం ముఖ్యం. వెళ్లి నిలబడ్డాను.

నా ఎదురుగా మగ్గానికి పెద్ద ఉక్కు తలుపు. అద్దంలా ఉంది. అందులో నా వెనకాల అంతా కనపడుతోంది. కుర్చీ, మేనేజరు కాళ్లు, మా వాడు, మీట మీద వాడి చెయ్యి. ఇంతకంటే ఏం కావాలి? చెవులు అక్కర్లేదు. వాడి చెయ్యి కిందికి దిగింది. నేను చెయ్యెత్తాను. మేనేజరు తల ఊపాడు. వాడి చెయ్యి మళ్లీ దిగింది, నాది మళ్లీ లేచింది.

అప్పుడు వాడు తలుపు వైపు చూశాడు. ఆ ఉక్కులో వాడి కళ్లూ నా కళ్లూ కలిశాయి. షెడ్డులో రెండు వరుసల అవతలినుంచి మాట్లాడుకున్నవాళ్లం, మా మధ్య చెప్పుకోవడానికి పెదవులు కూడా అక్కర్లేదు. వద్దురా అన్నాను కళ్లతో. వాడు ఒక అడుగు పక్కకు జరిగి మీటకు అడ్డంగా నిలబడ్డాడు. వాడి వీపు తప్ప నాకేమీ కనపడలేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో. ఒకసారి గుడ్డిగా చెయ్యెత్తాను. దించాను. మళ్లీ ఎత్తలేదు. మేనేజరు వచ్చి భుజం తట్టాడు. వేలు చూపించలేదు ఈసారి. ఆ మర్యాద నాకు ఇంకా మంటగా ఉంటుంది.

నన్ను పంపెయ్యలేదు. మా వాడు ఏం బతిమాలాడో, బట్ట మడతపెట్టే గదిలో వేశారు. నేసిన బట్టను బల్ల మీద పరిచి, చేత్తో తడిమి, లోపాలు చూసి మడత వెయ్యాలి. పని కష్టం కాదు. అక్కడ మోత లేదు, అదే కష్టం. షెడ్డులో అందరూ నాలాగే ఉండేవాళ్లు. ఈ గదిలో అందరూ తలలు వంచుకుని, పని చేసుకుంటూ, గొంతులతో మాట్లాడుకుంటారు. పెదవులు సగమే కదుపుతారు. ఏదో అని నవ్వుకుంటారు, నన్ను చూసి నవ్వారో లేదో తెలియదు. చెవిటివాణ్ణయింది నేను ఆ గదిలోకి వచ్చాకే.

వాడు రోజూ టీ వేళకు వచ్చి బల్ల అవతల నిలబడేవాడు. నేను తలెత్తేవాణ్ణి కాదు. తలెత్తకపోతే వాడు ఎంత మాట్లాడినా నాకు లేనట్టే. చెవిటివాడికి దేవుడిచ్చిన సుఖం అదొక్కటే. వాడు కాసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. ఒకరోజు కండెలక్క వచ్చి నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఎన్నాళ్లయ్యా ఈ అలక? వాడు తిండి మానేశాడు, మీ ఆవిడ ఏడుస్తోంది, నీకు కళ్లు కూడా పోయాయా?" అని మొహం మీదే అడిగి పోయింది.

ఆ మర్నాడు వాడు వచ్చినప్పుడు తలెత్తాను. వాడు ఊహించలేదు, నోరు తెరుచుకుని నిలబడ్డాడు. చివరికి పెదవులు కదిపాడు.

*బావా, నువ్వు చూసిన కథ చెప్పు. కొంగ తల్లి అయిన కథ.*

"చెప్పను" అన్నాను.

*కోపమా?*

"కోపమే. ఇంకా చాలా ఉంది. ఆ కథ చెబితే రాదురా. నీకంత కావాలంటే శబ్దం మొత్తం తీసేసి, మొదటినుంచి చివరిదాకా చూడు. మధ్యలో శబ్దం పెట్టావంటే ఊరుకోను. ఒక్కడివే కూర్చుని చూడు."

వాడు తల ఊపి వెళ్లాడు. వారం రోజులు బల్ల దగ్గరకు రాలేదు. చూస్తున్నాడో, నా మాట వేళాకోళంగా తీసుకున్నాడో తెలియలేదు. టీ వేళకు నా కళ్లు గుమ్మం వైపు పోతుంటే నామీద నాకే కోపం వచ్చేది.

తర్వాత ఒకరోజు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. బల్ల అవతల నిలబడకుండా చుట్టూ తిరిగి నా పక్కకు వచ్చాడు. చూశావా అని అడిగాను. చూశానన్నట్టు తల ఊపాడు. కొంగ గురించి ఏదో చెబుతాడనుకున్నాను.

"భయమేసింది బావా" అన్నాడు.

గొంతుతోనే అన్నట్టున్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపి తలలెత్తారు. వాడు వాళ్లను పట్టించుకోలేదు. చేతులు బట్ట మీద పెట్టాడు, ఒక చెయ్యి తీసి చెవి తడుముకున్నాడు. పది పాసైనవాడు, మేనేజరు మనిషి, నా కళ్లముందే చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. రోజూ అదే షెడ్డులో మగ్గాల మధ్య తిరిగేవాడే కదా. వాడి చెవులు మాత్రం ఎన్నాళ్లుంటాయి?

క్షమించానని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. పక్కనున్న మడతల కట్ట ఎత్తి కింద పెట్టి, వాడికి బెంచీ మీద చోటు చేశాను.